యంత్రశిల్పి విట్టోరియో యానో

మోటారు కార్ల పందెములో గెలిచిన సారథి మెడలో పూలదండ వేయుదురు. కారు ముందుభాగమున కంపెనీ ముద్ర మెరయుచుండును గనుక ఆ కంపెనీ పేరును లోకమునకు తెలియును. కాని కారు మూత క్రింద పనిచేయు ఇంజనును మొట్టమొదట కాగితముపై గీచినవాడెవడో చూడవచ్చిన వేయిమందిలో ఒకనికైనను తెలియదు. ఇటలీ దేశమున ఇట్టి అజ్ఞాత యంత్రశిల్పులలో అగ్రగణ్యుడు విట్టోరియో యానో. ఆల్ఫా రోమియో, లాన్చియా, ఫెరారీ అను మూడు ప్రసిద్ధ సంస్థల కీర్తిలో అతని చేతిపని కలదు. ఆ మూడింటిలో ఏ ఒక్క కారునకును అతని పేరు పెట్టబడలేదు.

యానో 1891వ సంవత్సరము ఏప్రిల్ 22వ తేదీన ఉత్తర ఇటలీలోని పీడ్‌మాంట్ సీమలో, టూరిన్ నగరమునకు ఉత్తరమున నున్న సాన్ జోర్జో కనవేజె అను చిన్న ఊరిలో జన్మించెను. అతని తల్లిదండ్రులు ఇటలీ దేశస్థులు కారు. అంతకు కొన్ని సంవత్సరములకు పూర్వమే హంగేరీనుండి వచ్చి అచట స్థిరపడినవారు. వారి భాషలో బిడ్డ పేరు విక్టర్ యానోష్. ఇటలీ వారి నోట ఆ పేరు విట్టోరియో యానోగా మారెను. ఇంటిపేరు చివరి అక్షరము జారిపోయెను. స్వస్థలమునకు దూరముగా స్థిరపడిన కుటుంబములలో ఇట్టి మార్పు వింత కాదు. మన పిల్లల ఇంటిపేర్లు పాఠశాల హాజరుపట్టీలలో ఏయే రూపములు పొందుచున్నవో చూచిన తల్లిదండ్రులకు దీనిని విడమరచి చెప్పనక్కరలేదు. యానమనగా మన భాషలో ప్రయాణమనియు, వాహనమనియు అర్థము. ఇది కేవలము శబ్దసామ్యమే యైనను, విద్యార్థులు ఈ పేరును మరువకుండుటకు ఉపకరించును.

యానో పెద్ద పట్టములు పొందిన వాడు కాడు. టూరిన్‌లోని వృత్తివిద్యాశాలలో చదివి, 1909లో తన పదునెనిమిదవ యేట, ఆ నగరముననే రాపిడ్ అను చిన్న మోటారు కంపెనీలో యంత్రభాగముల పటములు గీయు ఉద్యోగమున చేరెను. రెండేండ్ల తరువాత 1911లో ఫియట్ సంస్థకు మారెను. 1899లో స్థాపింపబడిన ఫియట్ అప్పటికే ఇటలీ మోటారు పరిశ్రమకు మూలస్తంభము. అచట కార్లో కవల్లి అను అనుభవశాలి చేతిక్రింద యానో పనిలో మెలకువలు గ్రహించెను. మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన పిదప ఫియట్ మరల పందెములకు దిగినప్పుడు, ఆ కార్లను తయారుచేసిన బృందములో అతడును ఒకడు.

ఆ బృందము సాధించిన విశేషమును గ్రహించుటకు ఇంజను పనిచేయు తీరు కొంచెము తెలియవలెను. ఇంజనులో సిలిండరు అను గొట్టమును, దానిలో పైకిని క్రిందికిని కదలు పిస్టనును ఉండును. పిస్టను క్రిందికి దిగునప్పుడు గాలియు పెట్రోలు ఆవిరియు కలిసి లోనికి వచ్చును. పిస్టను పైకి వచ్చునప్పుడు ఆ మిశ్రమము నొక్కబడును. అప్పుడు నిప్పురవ్వ తగులగానే అది మండి పిస్టనును బలముగా క్రిందికి త్రోయును. మరల పైకి వచ్చునప్పుడు పొగ వెలికి పోవును. పైకి క్రిందికి సాగు ఈ కదలికను వంకరలు గల ఇరుసొకటి గుండ్రని కదలికగా మార్చి చక్రములకు అందించును. బలము పెరుగవలెనన్న మండు మిశ్రమము హెచ్చుగా నుండవలెను. సిలిండరును పెద్దది చేయుట అందుకొక మార్గము. కాని పందెముల నిబంధనలు దానికి హద్దు విధించినవి. 1922 మొదలు 1925 వరకు గ్రాండ్ ప్రీ కార్లలో సిలిండర్లన్నిటి పరిమాణము కలిపి రెండు లీటర్లకు మించరాదు.

ఇక మిగిలినది, ఉన్న సిలిండరులోనికే గాలిని బలవంతముగా ఎక్కించుట. కమ్మరి కొలిమిలో తిత్తి చేయు పనిని ఇంజనులో సూపర్‌చార్జరు అను గాలియంత్రము చేయును. తిత్తిని మనిషి నొక్కును; దీనిని ఇంజనే త్రిప్పుకొనును. అంతియే భేదము. ఫియట్ వారు 1923లో దీనిని తమ 805 అను కారునకు అమర్చిరి. ఆ యేడు సెప్టెంబరు 9వ తేదీన మిలాన్ సమీపమున మోన్జాలో జరిగిన ఇటలీ గ్రాండ్ ప్రీ పందెమును ఆ కారు గెలిచెను. సూపర్‌చార్జరు గల కారు గ్రాండ్ ప్రీ గెలుచుట అదియే ప్రథమము.

అదే మోన్జాలో అంతకు ముందటి దినమున ఒక దుర్ఘటన జరిగియుండెను. మిలాన్ నగరపు ఆల్ఫా రోమియో సంస్థ ఆ పందెము కొరకు పి-1 అను కారును సిద్ధపరచెను. దానిని అభ్యాసముగా నడుపుచు ఊగో సివొచ్చి అను సారథి ప్రమాదమున మరణించెను. సంస్థ తన కార్లన్నిటిని పందెమునుండి విరమించుకొనెను. ఫియట్‌తో సమానముగా నిలువవలెనన్న కొత్త కారు కావలెను. కొత్త కారు కావలెనన్న దానిని గీయగలవాడు కావలెను. ఫియట్‌నుండి అప్పటికే ఆల్ఫాకు వచ్చియున్న లూయిజి బాత్సి అను యంత్రనిపుణుడు తన పాత సహచరుడైన యానోను రప్పింపుడని సలహా యిచ్చెను. ఆ రాయబారమునకు పంపబడినవాడు ఇరువదియైదేండ్ల యువకుడు, ఆల్ఫా సారథులలో ఒకడు, పేరు ఎన్జో ఫెరారీ. తరువాత ప్రపంచప్రఖ్యాతుడైన ఫెరారీ ఇతడే.

ఫెరారీ టూరిన్‌కు పోయి యానో ఇంటి తలుపు తట్టెను. తలుపు తీసినది యానో భార్య. తన భర్త అచ్చమైన పీడ్‌మాంట్ మనిషి యనియు, టూరిన్‌ను విడిచి ఎక్కడికిని కదలడనియు ఆమె అభిప్రాయపడెను. హంగేరీ దంపతుల బిడ్డ ముప్పది రెండేండ్లకు ఆ మాట పడునంతగా ఆ నేలలో కలిసిపోయియుండెను! ఇంతలో యానోయే వచ్చెను, మాటలు జరిగినవి, ఒప్పందము కుదిరెను. ఫెరారీ ఈ సంగతిని తరువాతి కాలమున తన స్మృతులలో వ్రాసికొనెను. కదలడనుకొన్న మనిషి కదలి మిలాన్ చేరెను.

ఆల్ఫా కర్మాగారము అప్పుడు మిలాన్‌లోని పోర్తెల్లో పేటలో ఉండెను. యానో అచట కఠినమైన క్రమశిక్షణను నెలకొల్పి, కొలది నెలలలోనే పి-2 అను కారును సిద్ధపరచెను. ఎనిమిది సిలిండర్లు ఒకే వరుసలో నిలిచిన ఇంజను, పరిమాణము 1987 ఘనసెంటీమీటర్లు, సూపర్‌చార్జరుతో సుమారు 140 అశ్వశక్తి. 1924 జూన్ నెలలో క్రెమోనా పందెమున ఆంటోనియో ఆస్కారి దానిని మొదటిసారి నడిపి గెలిచెను. ఆగస్టు 3న ఫ్రాన్సు దేశపు లియాన్ నగరమున జరిగిన గ్రాండ్ ప్రీని జుసెప్పె కంపారి గెలిచెను. ఆ శరదృతువులో మోన్జాలో మొదటి నాలుగు స్థానములును పి-2 కార్లవే. పోయిన యేడు కార్లను వెనుకకు తీసికొని తలవంచుకొని పోయిన సంస్థ, ఈ యేడు అదే మైదానమున ఎదురులేనిదయ్యెను.

1925లో మొదటిసారిగా కార్ల నిర్మాతలకు ప్రపంచ విజేత బిరుదు ఏర్పరచిరి. బెల్జియం పందెములో ఆస్కారి గెలిచెను. తరువాతిది ఫ్రాన్సులో, పారిస్ దగ్గరి మోంతలేరిలో, జూలై 26వ తేదీన. ఆస్కారి అందరికంటె ముందుండగా, వానకు తడిసిన దారిలో అతని కారు ప్రక్కనున్న కర్రకంచెను తాకి బోర్లపడెను. అతడు మరణించెను. వయస్సు ముప్పదియారు సంవత్సరములు. ఆల్ఫా వారు తక్కిన కార్లను ఆపివేసిరి. ఆస్కారి కుమారుడు అల్బెర్టోకు అప్పటికి ఏడేండ్లు నిండి పట్టుమని పదునైదు దినములైనను కాలేదు. ఆ బాలుని కథ యానో కథతో మరల కలియును గనుక ఈ పేరును పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. సెప్టెంబరులో మోన్జాలో బ్రిల్లి-పేరి గెలిచి ప్రపంచ విజేత బిరుదును ఆల్ఫాకు తెచ్చెను. దానికి గుర్తుగా ఆల్ఫా తన కంపెనీ ముద్ర చుట్టును ఆకుల దండను చేర్చెను.

యానో ప్రతిభకు అసలైన నిదర్శనము పి-2 కాదని ఈ వ్యాసకర్త తలపు. పందెములకు మాత్రమే పనికివచ్చు యంత్రమును చేయుట ఒక యెత్తు. జనులు కొని దినదినము నడుపుకొనగల కారులో ఆ నేర్పును ఇముడ్చుట మరియొక యెత్తు. ఆరు సిలిండర్ల 6సి కార్లు, ఎనిమిది సిలిండర్ల 8సి కార్లు ఇట్టివి. వానిలో యానో బుద్ధి పనిచేసిన తీరును లెక్కలతోనే చూడవచ్చును. వర్తులస్తూపపు ఘనపరిమాణము కనుగొను సూత్రము పై తరగతుల వారికి తెలియును. 6సి-1750 కారులో సిలిండరు వ్యాసము 65 మిల్లీమీటర్లు, పిస్టను నడచు ఎత్తు 88 మిల్లీమీటర్లు. లెక్కింపగా ఒక్కొక్క సిలిండరు 292 ఘనసెంటీమీటర్లు, ఆరింటికి 1752. ఇప్పుడు 1931లో వచ్చిన 8సి-2300 కారును చూడుడు. వ్యాసము అదే 65, ఎత్తు అదే 88. ఎనిమిది సిలిండర్లకు 2336. మరి 1932లో వచ్చిన పందెపు కారు పి-3? వ్యాసము మరల 65. ఎత్తును మాత్రము 100కు పెంచెను. మొత్తము 2654. పరీక్షకు నిలిచిన కొలతను అతడు ఊరక మార్చడు. ఒక కారులో నేర్చిన పాఠము తరువాతి కారులో పునాదిరాయి యగును. కొత్తదనము కొరకే కొత్తది చేయు అలవాటు అతనికి లేదు.

అయితే మార్చవలసిన చోట ధైర్యముగా మార్చెను. ఎనిమిది సిలిండర్లను వరుసగా నిలిపినచో వాని క్రింది ఇరుసు మిక్కిలి పొడవగును. ఒక్కొక్క పిస్టను ఒక్కొక్క క్షణమున దానిని పొడుచుచుండ, ఆ ఇరుసు తడిబట్టను పిండినట్లు ఇటునటు మెలితిరుగును. మెలి హద్దు మీరినచో ఉక్కు ఇరుసైనను విరుగును. కవాటములను తెరచి మూయు కడ్డీలను, సూపర్‌చార్జరును ఆ ఇరుసు చివరనుండి త్రిప్పినచో ఆ మెలికల అదురు వానికిని అంటుకొనును. యానో 8సి ఇంజనును నాలుగేసి సిలిండర్ల రెండు దిమ్మెలుగా విడదీసి, నడుమ ఖాళీలో పళ్లచక్రముల వరుసను నిలిపెను. కవాటముల కడ్డీలకును సూపర్‌చార్జరునకును ఆ నడిమి చక్రములనుండియే చలనము పోవును. పొడుగైన కావడిబద్దకు ఊగులాట కొనలయందు హెచ్చు, భుజముమీది నడిమిభాగమున తక్కువ. బరువు మోసిన ప్రతివానికి తెలిసిన ఈ సంగతిని యానో ఉక్కులో ప్రయోగించెననవచ్చును.

ఈ పని ఫలితము పందెముల పట్టికలలో చూడవచ్చును. మిల్లె మిల్యా అనగా వేయి మైళ్లు. బ్రెషా నగరమున బయలుదేరి రోము వరకు పోయి తిరిగి బ్రెషా చేరు ఈ పందెము సుమారు 1600 కిలోమీటర్ల పొడవున ఊళ్లలోని మామూలు రోడ్లపైననే జరిగెడిది. 1928 మొదలు 1938 వరకు పదునొకండు పర్యాయములు జరుగగా, 1931 ఒక్క యేడు తప్ప తక్కిన పదింటిలోను గెలిచినవి యానో గీచిన ఆల్ఫాలు. ఫ్రాన్సులోని లె మాన్ పట్టణమున పగలు రాత్రి ఇరువదినాలుగు గంటలు నడచు పందెమును 1931 నుండి 1934 వరకు వరుసగా నాలుగేండ్లు 8సి కార్లు గెలిచినవి. వేగము ఒక్కటియే కాక ఓరిమియు ఉన్నచో గాని ఈ రెండు పందెములలో గెలుపు దొరకదు. రెండవ ప్రపంచయుద్ధము గడచిన పిమ్మట, 1947లో, మిల్లె మిల్యా మరల జరిగినప్పుడును గెలిచినది యుద్ధమునకు పూర్వము చేసిన యానో కారే.

పి-3 కారునందు సారథి ఒక్కడే నడుమ కూర్చుండును. అంతకు పూర్వము గ్రాండ్ ప్రీ కార్లు ఇద్దరు పట్టునంత వెడల్పున ఉండెడివి. ఒక్కనికి మాత్రమే చోటుండునట్లు సన్నగా చేసిన ఈ కారు 1932 జూన్ 5న మోన్జాలో తన మొదటి పందెముననే గెలిచెను. నడిపినవాడు టాట్సియో నువోలారి. కొలది కాలమునకు ఆల్ఫా ఆర్థికముగా చిక్కులలో పడి 1933లో ప్రభుత్వసంస్థ ఆధీనమున చేరెను. పందెములు నడుపు పని ఫెరారీ జట్టునకు అప్పగింపబడెను. 1934లో జర్మనీనుండి మెర్సిడెస్, ఆటో యూనియన్ కార్లు రంగమునకు వచ్చినవి. జర్మనీ ప్రభుత్వపు ధనసాహాయ్యము వానికుండెను. ఆ కార్ల ముందర పి-3 ముసలిదై కనబడెను.

1935 జూలై 28న జర్మనీలోని న్యూర్బుర్గ్‌రింగ్ అను చోట జరిగిన జర్మను గ్రాండ్ ప్రీ సంగతి పలువురు చెప్పుకొనునది. కొండలలో అడవులలో మెలికలు తిరిగిన దారి. ఒక చుట్టు దాదాపు 23 కిలోమీటర్లు. ఇరువదిరెండు చుట్లు తిరుగవలెను. నువోలారికి నలువదిరెండేండ్లు. అతని పి-3 మూడేండ్ల నాటిది. ఇంజనును కొంత పెంచినను, జర్మను కార్ల బలము దానికంటె వంద అశ్వశక్తికి పైగా హెచ్చు. నడుమ పెట్రోలు కొరకు ఆగినప్పుడు పంపు చెడిపోగా, ఫెరారీ మనుషులు డబ్బాలతో పోసిరి. రెండు నిముషములకు పైగా వృథా అయ్యెను. నువోలారి మరల వెనుకనుండి ఒక్కొక్కరిని దాటుచు రెండవ స్థానమునకు వచ్చెను. చివరి చుట్టులో ముందున్న ఫాన్ బ్రౌహిచ్ నడుపుచున్న మెర్సిడెస్ టైరు అరిగి పగిలెను. నువోలారి గెలిచెను. దీనిని అదృష్టమనువారు కలరు. కాని బలిష్ఠమైన కారు టైరులను ఎంత త్వరగా తినివేయునో, తేలికైన కారు మలుపులలో వానిని ఎంత పొదుపుగా వాడుకొనునో గమనించినచో, అది అంతయు అదృష్టము కాదని తోచును.

ఆ గెలుపు తరువాత ఆల్ఫాకు మంచి దినములు తక్కువ. ధనములోను మనుషులలోను జర్మనులతో సరితూగు శక్తి దానికి లేదు. కర్మాగారము విమానముల ఇంజనుల పనిలో మునిగియుండెను. పండ్రెండు సిలిండర్లతో యానో చేసిన కొత్త కారు 1937లో ఆశించిన ఫలితము నీయలేదు. ఓటమికి ఎవరో ఒకరు జవాబుదారి కావలెను గదా! ఆ భారము యానోపై పడెను. ఆ యేటి చివర అతడు, పదునాలుగేండ్లు పనిచేసిన సంస్థను విడువవలసివచ్చెను. వయస్సు నలువదియారు. అతని చేతిక్రింద పని నేర్చిన జోవాకీనో కొలంబో తరువాత ఫెరారీ పేరున వెలువడిన మొదటి పండ్రెండు సిలిండర్ల ఇంజనును గీచెను.

యానో టూరిన్‌కు తిరిగివచ్చి లాన్చియా సంస్థలో చేరెను. యుద్ధము వచ్చెను, పోయెను. 1950లో లాన్చియావారి అవురేలియా అను కారు వెలువడెను. దాని ఇంజనులో ఆరు సిలిండర్లు ఒకే వరుసలో లేవు. రెండు అరచేతులను మణికట్టుల వద్ద చేర్చి వ్రేళ్లవైపు విడదీసినట్లు, మూడేసి చొప్పున రెండు వరుసలు విచ్చుకొని నిలుచును. ఇంజను పొట్టిదగును; కాని అట్టిది అదురు లేక పనిచేయుట కష్టము. యానో ఆధ్వర్యమున ఫ్రాన్చెస్కో దె వీర్జీలియో అను ఇంజనీరు ఆ చిక్కును లెక్కలతో విడదీసెను. పెద్ద సంఖ్యలో తయారై అమ్ముడుపోయిన కార్లలో ఇట్టి ఆరు సిలిండర్ల ఇంజను గలది ప్రపంచములో ఇదియే మొదటిది. కీర్తి అంతయు యానోకే కట్టబెట్టుట న్యాయము కాదు. తన పేరు మరుగున పడినవానికి శిష్యుని పేరు మరుగు పరచుట మర్యాదయు కాదు.

సంస్థాపకుని కుమారుడు జాన్ని లాన్చియాకు పందెములపై మక్కువ మెండు. అతని కోరికపై యానో డి-24 అను కారును చేసెను. 1953లో మెక్సికో దేశమున జరిగిన దూరపు పందెమున మొదటి మూడు స్థానములును లాన్చియా కార్లవే. ప్రథముడు అర్జెంటీనా దేశస్థుడైన ఫాంజియో. ఆ పందెముననే లాన్చియా సారథి ఫెలిచె బోనెట్టో మరణించెను. 1954లో మిల్లె మిల్యా గెలిచిన లాన్చియా సారథి పేరు అల్బెర్టో ఆస్కారి. మోంతలేరిలో మరణించిన ఆంటోనియో కుమారుడు. ఏడేండ్ల నాడు తండ్రిని పోగొట్టుకొన్న ఆ బాలుడు అప్పటికి ఫెరారీ కార్లపై 1952, 1953 సంవత్సరములలో ప్రపంచ విజేతయై, తండ్రికి కారు గీచిన వృద్ధుని కారునే నడుపుటకు లాన్చియాకు వచ్చియుండెను.

అతని కొరకు యానో సిద్ధపరచినది డి-50. ఎనిమిది సిలిండర్లు రెండు వరుసలుగా విచ్చుకొనిన 2.5 లీటర్ల ఇంజను. దీనిలో రెండు కొత్త సంగతులు చెప్పవలెను. ఇంజనును చట్రములో కూర్చుండబెట్టుట కాక, ఇంజనునే చట్రములో ఒక భాగముగా చేసి బరువు తగ్గించెను. పెట్రోలు తొట్టెలను కారు వెనుకభాగమునుండి తీసి, రెండు ప్రక్కల ముందు వెనుక చక్రముల నడుమ ఉంచెను. వెనుక తొట్టె యున్న కారు పందెము మొదట వెనుక బరువై, పెట్రోలు ఖర్చయిన కొలది తీరు మారుచుండును. సారథి మాటిమాటికి తన చేతిని దానికి అలవరచుకొనవలెను. గాడిదపై రెండు ప్రక్కల గోనెలు సమముగా వేసినట్లుండు ఈ అమరికలో ఆ చిక్కు తక్కువ. అరువది మూడేండ్ల మనిషి చేసిన పని ఇది.

1954 అక్టోబరులో బార్సెలోనాలో డి-50 మొదటి పందెమున దిగెను. ఆస్కారి అందరికంటె వేగముగా తిరిగి ముందు నిలిచెను గాని, క్లచ్చి చెడి ఆగిపోయెను. 1955 మే 22న మొనాకోలో సముద్రపుటొడ్డు దారిపై కారు పట్టుతప్పి అతనితో సహా నౌకాశ్రయపు నీటిలో పడెను. ఆస్కారి ఈదుకొని పైకి వచ్చెను. నాలుగు దినములకు, మే 26న, మోన్జాలో మిత్రుని ఫెరారీ కారును నాలుగైదు చుట్లు నడిపి చూతునని ఎక్కి, అచట ప్రమాదమున మరణించెను. అతనికిని ముప్పదియారేండ్లే. తండ్రి మరణించినది ఇరువదియారవ తేదీ. కొడుకు మరణించినదియు ఇరువదియారవ తేదీ. గ్రహచారము లెక్కించువారు దీనికి అర్థములు చెప్పుదురు గాక. ఆనాటి కార్లలో సారథిని ఆసనమునకు కట్టి ఉంచు పట్టీలైనను లేవను సంగతి మాత్రము ఎల్లరు గ్రహింపవలసినది. ఇంజనుల వేగము పెరిగినంతగా మనుషుల రక్షణ పెరుగలేదు. యానో పనిచేసిన నలువదేండ్లలో అతని కార్లను నడిపినవారు ఎందరో ఈ తీరుననే పోయిరి. అతని గెలుపులను లెక్కించునప్పుడు దీనిని దాచి చెప్పుట తగదు.

లాన్చియా సంస్థ అప్పటికే అప్పులలో మునిగియుండెను. పందెములు నిలిపివేసి, ఫియట్ ధనసాహాయ్యముతో డి-50 కార్లను, పనిముట్లను, పటములను ఫెరారీకి అప్పగించెను. అప్పగించిన తేదీ 1955 జూలై 26. మోంతలేరి దుర్ఘటనకు సరిగా ముప్పది యేండ్లు. కార్లతోపాటు యానోయు ఫెరారీ వద్దకు పోయెను. 1923లో తలుపు తట్టిన యువకుడు ఇప్పుడు యజమాని. ఫెరారీ వారు డి-50ని కొన్ని చోట్ల మార్చిరి. ప్రక్క తొట్టెల విషయములో యానో ఉద్దేశము చాలవరకు పోయెను. అయినను 1956లో ఫాంజియో ఆ కారుపైననే ప్రపంచ విజేత యయ్యెను. కారు ముందు ముద్ర ఫెరారీది.

ఎన్జో ఫెరారీకి ఆల్ఫ్రెడో అను కుమారుడుండెను, ముద్దుపేరు డీనో. ఇంజనీరింగు చదివినవాడు. కండరములు క్షీణించు వ్యాధి అతనిని మంచమునకు కట్టివేసెను. ఆరు సిలిండర్లు రెండు వరుసలుగా విచ్చుకొను చిన్న ఇంజను ఒకటి చేయవలెనని తండ్రీకొడుకులు తలచిరి. యానో ఆ పడకగదికి పోయి రోగి ప్రక్కన కూర్చుండి, కవాటముల తీరు, గాలి పోవు దారులు, కొలతలు అతనితో చర్చించెడివాడు. ఇరువది నాలుగేండ్ల యువకుడును అరువదియైదేండ్ల పెద్దవాడును కలిసి చేసిన ఆలోచన అది. లాన్చియా ఇంజనులో రెండు వరుసల నడుమ కోణము 60 డిగ్రీలు. ఇచట యానో దానిని 65 డిగ్రీలు చేసెను. ఆ అయిదు డిగ్రీల వలన నడుమ గాలి పెట్రోలు గొట్టములు తిన్నగా ఇముడుటకు చోటు దొరకెను. 1956 జూన్ 30న డీనో మరణించెను. ఇంజను నడచుట అతడు చూడలేదు. తండ్రి దానికి కొడుకు పేరు పెట్టెను. 1958లో ఆ వంశపు ఇంజనుతో ఇంగ్లండు సారథి మైక్ హాథార్న్ ఒకే ఒక్క పాయింటు ఆధిక్యముతో ప్రపంచ విజేత యయ్యెను. 1960లో మోన్జాలో ఫిల్ హిల్ గెలిచినది కూడ ఆ కారుపైననే. ఇంజను ముందుభాగమున గల కారు ప్రపంచ విజేత పోటీలోని గ్రాండ్ ప్రీ గెలుచుట అదియే కడపటిసారి.

జీవితపు చివరి దశలో యానోకును పుత్రశోకము సంభవించెను. తీవ్రమైన వ్యాధియు తోడయ్యెను. 1965 మార్చి 13వ తేదీన, భార్య ఒకనాడు కదలడనుకొన్న టూరిన్ నగరముననే అతడు మరణించెను.

మరుసటి సంవత్సరము ఫియట్ సంస్థ ఆ డీనో ఇంజనును తన కారులో అమర్చి అమ్మకమునకు పెట్టెను. పిమ్మట ఫెరారీ వారు డీనో పేరుతో చిన్న కార్లను చేసిరి. లాన్చియావారు దానినే స్ట్రాటోస్ అను కారులో నిలిపి 1974, 1975, 1976 సంవత్సరములలో వరుసగా ప్రపంచ ర్యాలీ విజేతలైరి. అప్పటికి ఆ ఇంజనును గీచినవాడు గతించి పదేండ్లు కావచ్చెను.